అంచున కదలని పేరు

తన చదువులాగే కూతురు సంపూర్ణ చదువు కూడా మధ్యలో ఆగిపోతుందేమోనన్నదే వరహాలుకున్న పెద్ద భయం. పుస్తకాలు కొనలేకే ఆమె చిన్నప్పుడు బడి మానేసింది. ఇప్పుడు పాఠ్యపుస్తకాలన్నీ ఫోను తెర మీదే ఉంటాయి; ఉచితం, అందరివీ. తరగతిలో ఎవరు ఏ పేజీ చదువుతున్నారో ఆ పేజీ అంచున వాళ్ల పేరు వెలుగుతుంది. రోజూ చట్నీ రుబ్బుతూ కూతురి పేరు ముందుకు జరిగిందో లేదో చూసుకుంటుంది వరహాలు.

ఆ ఉదయం చంద్రుడి పాఠం దగ్గర ఇంకో పేరు కనిపించింది.

"ఈ తులసెవరే? మొన్నట్నుంచీ ఈడే ఉండిపోనాది."

"మా బెంచీయేనమ్మా. పుస్తకం ఎక్కడికి పోద్ది? ఎప్పుడో చదువుకుంటాది. నీకెందుకూ?"

"అప్పట్లో పుస్తకం లేకపోతే ఈదిలో అందరికీ తెలిసేది. ఇప్పుడు పుస్తకముండీ చదవలేకపోతే ఎవలికి తెలుస్తాది? చెప్పులేసుకో."

ఇద్దరూ వెళ్లేసరికి తులసి తమ ఇంటి గుమ్మంలో చంటి తమ్ముణ్ణి ఊరుకోబెడుతోంది. వాళ్లమ్మ రొయ్యల షెడ్డులో పనికి కుదిరిందట.

"పుస్తకం ఉంది పిన్నీ. చెయ్యే ఖాళీ లేదు."

వరహాలు పిల్లాణ్ణి చంకనేసుకుంది. "గట్టిగా చదువమ్మా. చందమామ ఎందుకు తరుగుతాడో నేనూ ఇంటాను."

మీ పిల్లల పుస్తకం అంచున కూడా ఏదో ఒక పేరు కదలకుండా ఉండవచ్చు. ఒక్కసారి వాళ్లింటిదాకా వెళ్లి చూసి రండి.