సొట్టపడ్డ బంతి

కాలికింద టప్‌మంది. కండక్టర్ కాలెత్తి చూసుకున్నాడు. ఇంకేముంది, బంతికి ఒక పక్కంతా సొట్ట!

బస్సు డిపోలో టేబుల్ టెన్నిస్ ఫైనల్. స్కోరు పది–తొమ్మిది. ఇంకొక్క పాయింటొస్తే కప్పు కండక్టర్‌ది. మూడేళ్ళుగా ఫైనల్ దాకా రావడం, ఓడి ఇంటికెళ్ళడం. ఈసారి ఖాయమని చెప్పి మరీ భార్యను వెంటబెట్టుకొచ్చాడు. పదో పాయింటు రాగానే చిందేశాడు మహానుభావుడు. ఆ చిందులోనే, దొర్లుతున్న బంతిని తొక్కేశాడు.

అదే ఆఖరి బంతి. ఆదివారం, కొట్లన్నీ మూసేశారు. ఆరింటికల్లా హాలు ఖాళీ చెయ్యాలి.

"ఆట పూర్తికాకపోతే కప్పు కిందటేడు గెలిచినవాళ్ళ దగ్గరే ఉంటుంది. రూలు రూలే" అన్నాడు అంపైరు, వాచీ చూసుకుంటూ.

నోటిదాకా వచ్చిన ముద్ద నేలపాలు. కండక్టర్ అక్కడే కూలబడ్డాడు. నిజంగానే ఏడుపొచ్చేసింది పాపం.

"ఏదీ, ఇటియ్యి" అంటూ వచ్చింది స్టోర్స్ అక్క. డిపోలో టైర్లూ ట్యూబులూ చూసుకునేది ఆవిడే. బంతిని వెలుతురులో అటూ ఇటూ తిప్పింది.

"చిల్లి పడలేదు. క్యాంటీన్ నుంచి మరిగే నీళ్ళు పట్రండి."

"నీకెందుకక్కా ఈ తలనొప్పి? వదిలెయ్!" అంటూ స్టోర్స్‌వాళ్ళు చెయ్యి పట్టి లాగారు.

"వెనక్కి తీసుకోండి, కరిగిపోతుందేమో" అని కండక్టర్ భార్య మొగుడి చెవిలో గొణిగింది.

అక్క ఎవరి మాటా వినలేదు. గ్లాసులో నీళ్ళు పోసి, తేలుతున్న బంతిని చెంచాతో లోపలికి అదిమిపట్టింది.

"లోపలి గాలి ఎక్కడికీ పోలేదు తమ్ముడూ. చోటు తగ్గి ఇరుక్కుని కూర్చుంది, అంతే. వేడి తగిలితే ఊరుకుంటుందా? ఒత్తిడి పెరిగి సొట్టని బయటికి తోసేస్తుంది."

"తోస్తుందంటావా?" అంటూ కండక్టర్ గ్లాసు మీదికి వంగాడు.

టక్! బంతి గుండ్రంగా అయిపోయింది. హాలంతా ఈలలు.

"అక్కా, నీ మేలు ఈ జన్మలో మర్చిపోను!"

"సోది ఆపు. బంతి చల్లారనీ. ఈసారి చిందులెయ్యకుండా ఆడు."

ఆడాడు. మూడు దెబ్బల్లో ఆట ముగిసింది. పాయింటతనిదే! కప్పూ అతనిదే! భార్య కుర్చీ ఎక్కి మరీ చప్పట్లు కొట్టింది.

కిందటేడు ఆ కప్పు గెలిచి, ఇప్పుడు టేబుల్‌కి అవతలి పక్క బ్యాటు కింద పెట్టేసి, నవ్వుతూ అతనికి చెయ్యి కలపడానికి వచ్చింది స్టోర్స్ అక్కే.