ఇంకా ఆరలేదు

"నాలుగింటికల్లా బండి గోడౌన్ ముందు ఉండాలి. ఒక్క నిమిషం దాటినా లోడు ఇంకొకరికి ఇచ్చేస్తాను," అన్నాడు ఫోనులో గుమాస్తా.

నాన్న రెండు చేతులకూ సబ్బు నురగ. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, "సరేనండీ, వచ్చేస్తా," అన్నాడు.

బండి తుడుస్తున్న పిచ్చుక చేతిలో గుడ్డ ఆగిపోయింది. నోరు విప్పని ఆ పిల్లకు వెక్కిరింతగా పడిన పేరు అది. నాన్న లారీ తీసుకుని వెళితే మళ్ళీ ఇరవై రోజులకు కానీ రాడు. వచ్చాక ఆయనతో మాట కలవడానికే ఆమెకు ఒక పగలు పడుతుంది. సాయంత్రానికి బిడియం కరిగి, మాటలు నాలుక చివరికి వచ్చేసరికి ఆయన బండెక్కేస్తాడు. ఈసారీ అంతేనా?

"విన్నారుగా? తెమలండి మరి," అంటూ అమ్మ సర్దిన సంచీ తెచ్చి గుమ్మంలో పెట్టింది.

లారీ ఇంటి గోడ పక్కన నీడలో నిలబడి ఉంది. ఎండలో కడిగితే రంగు మీద నీటి మరకలు పడతాయని నాన్న ఎప్పుడూ అక్కడే పెడతాడు. ముందు ఉత్త నీళ్ళతో దుమ్ము వదిలించాలి. తర్వాత సబ్బు, పైనుంచి కిందికి. గుడ్డను పక్క బకెట్లో జాడించాకే మళ్ళీ సబ్బులో ముంచాలి, లేకపోతే అందులో చిక్కిన ఇసుకే రంగును గీరేస్తుంది. పిచ్చుక అన్నిటికీ తలూపుతూ చేసింది. తడిసిన నీలం తలుపులో వాళ్ళ ఇల్లు తలకిందులుగా కాకుండా, నిటారుగా, నీళ్ళ అడుగున ఉన్నట్టు కనిపిస్తోంది. దాని మీదుగా ఒక తెల్లమబ్బు ఏ తొందరా లేకుండా పోతోంది. ఆ ఇంట్లో ఎవరికీ నాలుగు గంటలు కాదేమో అనిపించింది ఆమెకు.

"ఇక తడి అద్ది, ఆరాక మైనం పట్టించడమే. అరగంట పని," అన్నాడు నాన్న.

"తడి మీద మైనం రాస్తే?"

పొద్దుటినుంచి పిచ్చుక అన్న మొదటి మాట అదే.

"తెల్లగా మచ్చలు కడుతుంది తల్లీ. అసలు రాయకుండా వెళదామా అంటే దారంతా సముద్రం పక్కనే. ఉప్పుగాలికి రంగు పొక్కిపోతుంది. అందుకే పూర్తిగా ఆరందే నేను బండి కదల్చను."

పూర్తిగా ఆరందే!

నాన్న కుడివైపు తుడవడానికి వెళ్ళగానే పిచ్చుక చెయ్యి దానంతట అదే బకెట్లో మునిగింది. ఎడమ తలుపు మీద గుప్పెడు నీళ్ళు చిలకరించింది. చుక్కలు నీలం మీద ముత్యాల్లా నిలబడి, ఒక్కొక్కటీ ఒక్కో చిన్న మబ్బును మోసుకుంటూ జారాయి.

నాన్న తిరిగొచ్చి చేత్తో తడిమి చూశాడు. "ఇదేమిటి, ఇంకా ఆరలేదే?"

"అద్దం సందులోంచి కారుతున్నట్టుంది," అంది పిచ్చుక నేల చూపులు చూస్తూ.

"అయ్యుంటుంది," అని మళ్ళీ అద్దాడు నాన్న.

అమ్మ గుమ్మంలోకి వచ్చింది. "రెండున్నరయింది. కడుగుతున్నది లారీనా, ఏనుగునా? ఏమే, నువ్వైనా గట్టిగా తుడవవే! నేను పైకెళ్ళి బట్టలు ఆరాయో లేదో చూసొస్తా."

చెప్పుల చప్పుడు మెట్లెక్కి పోయింది.

మూడయింది. నాన్న అటు వెళ్ళినప్పుడల్లా ఇటు గుప్పెడు. అమ్మ ఇంకో రెండుసార్లు బట్టలు చూసొచ్చింది. వచ్చినప్పుడల్లా "ఇంకా ఆరలేదా?" అని ఇద్దరినీ కలిపి ఉతికేసి పోయింది. మైనం డబ్బా మూత తియ్యకుండానే గట్టు మీద ఉండిపోయింది.

మూడున్నరకు నాన్న ఫోను తీశాడు. "లేదండీ, బండి ఇంకా ఆరలేదు. ఏం చెయ్యను? ఆ లోడు ఇంకొకరికి ఇచ్చేయండి. రేపు చూద్దాం."

పిచ్చుకకు సంతోషం రావలసింది. బదులుగా ఏడుపొచ్చింది. తన మూలంగా నాన్న పని చెడింది. తడి చేతులు రెండూ ముందుకు చాపింది.

"నాన్నా... నేనే. ఇటువైపంతా నేనే చల్లుతున్నా."

నాన్న ఆ చేతులకేసి చూశాడు. తర్వాత మోచేతి దాకా తడిసిన తన చొక్కా చేతిని చూపించాడు.

"అటువైపంతా నేను."

పిచ్చుక నోరు తెరుచుకుంది. ఆ తెరుచుకున్న నోట్లోంచి నవ్వొచ్చింది. నవ్వు వెనక ఇరవై రోజుల మాటలు తోసుకొచ్చాయి. ఏది ముందు చెప్పాలో తెలియక, "ఇవాళ ఉంటావుగా?" అని మాత్రం అనగలిగింది.

"ఉండక? బండి తడిగా ఉంటే ఎక్కడికి పోతాను?"

అంతలో టప్పున ఒక చుక్క ముందద్దం మీద పడింది. ఇంకొకటి. డ్రైవరు క్యాబిన్ కప్పు మీదినుంచి సన్నని ధార అద్దం మీదకు జారుతోంది. పిచ్చుక ఆకాశంకేసి చూసింది. ఇందాకటి తెల్లమబ్బు ఒక్కటే ఉంది, అదీ ఎక్కడో దూరంగా.

"కప్పు మీద నువ్వు పోశావా?" అన్నాడు నాన్న.

"నాకు అందదుగా. నువ్వు?"

"నేనసలు ఎక్కలేదే!"

ఇద్దరూ ఒక్కసారే తలెత్తారు. డాబా పిట్టగోడ మీదినుంచి సగం వంగి, చేతిలో మగ్గుతో అమ్మ దొరికిపోయింది.

"నన్నేం చూస్తారు ఇద్దరూ?" అని కసిరింది. "మొక్కలకు నీళ్ళు పోస్తున్నా!"

డాబా మీద ఒక్క మొక్కా లేదు.