బాస్కెట్ వెనక గుండు

"అన్నా, బాస్కెట్ వెనక ఒక మొట్టై కూర్చోనుండాడు!"

ఎలుమలై మాటకు వార్మప్ చేస్తున్న టీమంతా టక్కున ఆగిపోయింది.

నిజమే. గ్యాలరీ ముందు వరసలో, సరిగ్గా బాస్కెట్ వెనక ఒక యాభై ఏళ్ల మనిషి. నున్నటి గుండు. దాని మీద ఇంకా ఆరని చందనం.

మొక్కు గుండ్లకు పేరుపడ్డ తిరుత్తణి కొండకు అరగంట దూరంలో ఉంటూ గుండ్లకు భయపడే యూనివర్సిటీ టీము లోకంలో ఇదొక్కటే అయి ఉంటుంది.

దానికీ ఓ కథ ఉంది. నిరుడు ఫైనల్ నాడు కొండ దిగి వచ్చిన భక్తుల గుంపొకటి గుండ్లతో వచ్చి అక్కడే కూర్చుంది. ఎలుమలై రెండు ఫ్రీ త్రోలూ వదిలేశాడు. ఒక్క పాయింటుతో కప్పు పోయింది. ఎలుమలై చేతిని ఎవరూ తిట్టలేదు. గుండ్లనే తిట్టారు.

అప్పటినుంచి బాస్కెట్ వెనక గుండు కనబడకూడదని టీములో కట్టుబాటు.

ఆ ఫైనల్ అయిన వారానికే కెప్టెన్ విఘ్నేష్ పళ్లిపట్టు రోడ్డులో బైకు మీంచి పడ్డాడు. కాలి ఎముక విరిగింది. ఎవరో ఆసుపత్రిలో చేర్చారట, అతనికి స్పృహ లేదు. ఆ రోజు పోయినవి ఒక చెప్పు, ఒక ఐడీ కార్డు, ఏడాది ఆట.

డాక్టరు సరేనన్నాక ఆడుతున్న మొదటి మ్యాచ్ ఇదే. అదీ ఫైనల్. ఈ కప్పు చేజారితే చదువు ముగిసేలోగా ఇంకోటి లేదు.

విఘ్నేష్ విసవిసా గ్యాలరీ దగ్గరికి నడిచాడు.

"పెద్దాయనా, లేచి బయటికి పో."

ఆ మనిషి నవ్వుతూ లేచాడు. చేతిలో పసుపు గుడ్డ మూట.

"బాగుండావా నాయనా? తెల్లారే మెట్లెక్కినా. గుండు కొట్టించుకొని నేరుగా ఈడికే వస్తాండా. ఇదిగో, ఇది నీకు..."

"అదంతా వద్దు. ఈడ కూర్చోకూడదు."

"ఒక్కతూరి నువ్వు పరిగెత్తేది చూసి పోతా. అంతే."

"నేను పరిగెత్తితే నీకేం? మొట్టై మా టీముకు అచ్చిరాదు. సీక్రం పో."

గ్యాలరీలో ఎవరో విజిల్ వేశారు. "గుండూ, టోపీ పెట్టుకో!" అని ఇంకెవరో అరిచారు. అందరూ నవ్వారు. విఘ్నేష్ కూడా నవ్వాడు.

ఆ మనిషి తల తడుముకున్నాడు.

"సెరి నాయనా. నువ్వు గెలిచేదానికి నేను అడ్డం ఎందుకు?" అని మెల్లగా మెట్లు దిగి వెళ్లిపోయాడు.

మ్యాచ్ గెలిచారు. మూడు పాయింట్ల తేడా. చివరి బాస్కెట్ విఘ్నేష్‌దే.

"చూసినావా అన్నా! మొట్టై పోయినాక కప్పు ఎట్లొచ్చిందో!" అని ఎలుమలై అతణ్ణి భుజాల మీదికి ఎత్తుకున్నాడు.

ఊరేగింపు గేటు దాకా వచ్చింది. వాచ్‌మన్ పాల్‌రాజ్ ఎదురొచ్చాడు. అతని చేతిలో అదే పసుపు మూట.

"తంబీ, ఆయన ఇది నీకియ్యమన్నాడు."

"ఏ ఆయన?"

"నువ్వు తరిమినావే, ఆయన."

విఘ్నేష్ కిందికి దిగాడు. "అన్నా, ఎవరాయన? నీకు తెలుసా?"

"పేరు అడిగితే నవ్వేసేవాడు. కూలి మనిషి మాదిరి ఉంటాడు. ఏడాదిగా నెల తప్పకుండా ఈ గేటు కాడికొచ్చి నన్ను అడుగుతాడు. విఘ్నేష్ నడుస్తాండాడా, కర్ర వదిలినాడా అని."

"నా గురించా?"

"నీ గురించే. ఫైనల్లో ఆడతాడంట అని పోయిన నెల చెప్పినా. ఏడ్చేసినాడు తంబీ. అప్పుడు చెవులు మూసుకుపోయేంత జుట్టు. మొక్కంట, ఏడాదిగా కత్తెర పెట్టలేదంట."

విఘ్నేష్ మూట అందుకున్నాడు.

"ఆట చూసినాడా?"

"యాడ చూసేది? ఈ కమ్మీలు పట్టుకొని నిలబడినాడు. ఈడనుంచి గ్యాలరీ వీపే కదా కనబడేది. అరుపులు విని, 'గెలిచినారా?' అన్నాడు. గెలిచినారన్నా. 'బాగా పరిగెత్తినాడా?' అన్నాడు. బాగా పరిగెత్తినాడన్నా. అది చాలన్నట్టు పోయినాడు. ఇప్పుడే, బస్టాపు పక్కకు."

విఘ్నేష్ కప్పును ఎలుమలై చేతిలో పెట్టి పరుగు తీశాడు.

ఆ రోజు కృత్తిక, కొండకు జనం పోటెత్తే రోజు. బస్టాపు నిండా గుండ్లే. దిగుతున్నవాళ్లు, ఎక్కుతున్నవాళ్లు, టీ తాగుతున్నవాళ్లు. అందరి తలల మీదా చందనం.

ఒక్కొక్కరి ముఖంలోకీ చూశాడు. ఏ ముఖమూ గుర్తుకు రాలేదు. ఇందాక తను తలనే చూశాడు, ముఖం చూడలేదు.

"అయ్యా! మా కోర్టుకొచ్చింది ఎవరయ్యా?" అని అరిచాడు.

ఒకరిద్దరు తిరిగి చూసి బస్సెక్కారు. బస్సు కదిలిపోయింది. సిగ్గుతో అతని కళ్లు మండాయి. అంతమంది ముందు తను నవ్విన నవ్వు చెవుల్లోంచి పోవడం లేదు.

మూట విప్పాడు.

విబూది పొట్లం. దాని కింద, తాడుకు ఎండిన నెత్తురు మరకతో ఒక ఐడీ కార్డు.

కార్డు మీది ఫొటోలో తన నుదుట, దేవుడి పటానికి పెట్టినట్టు రోజూ పెడుతూ వచ్చిన కుంకుమ గట్టిపడి ఉంది. పళ్లిపట్టు రోడ్డులో పడ్డ తనను ఎవరో ఆసుపత్రికి ఎత్తుకెళ్లిన రోజు, తన మెడలో ఉన్న కార్డు అది.