నలభై తొమ్మిది మీటలు

"పుస్తకంలోనే తప్పుందేమో నాయనా?"

ఏకాంబరానికి ఒళ్ళు మండింది.

తిరుత్తణిలో ఎక్కి ఎదుట కూర్చున్నప్పటినుంచీ ఆ పెద్దావిడ, ఒళ్ళో మునక్కాయల సంచితో, అతని చేతిలోని ప్రోగ్రామబుల్ క్యాలిక్యులేటర్ కేసే చూస్తోంది. 1978లో అలాంటిది చూడని వాళ్ళే ఎక్కువ. అడిగింది కదా అని గోడు చెప్పుకోవడం తనదే తప్పు.

గోడు చిన్నదేం కాదు. తిరువళ్ళూరులో అతని కంపెనీ, గుండె కొట్టుకోవడాన్ని గీతగా చూపే మిషన్ చేస్తోంది. కరెంటు రొద కలిసి గీత వణుకుతోంది. ఆ రొదను ఆపే సర్క్యూట్ ఏకాంబరానిది. పుస్తకంలోని ప్రోగ్రామును క్యాలిక్యులేటర్‌లో ఎక్కించి, వచ్చిన అంకెతో కట్టినా రెండుసార్లు తప్పింది. ఈ రోజు పదింటికి డాక్టర్లు వస్తున్నారు. ఈసారీ వణికితే ఉద్యోగం ఊడినట్టే.

"టి.ఆర్.వి. సార్ పుస్తకమమ్మా అది! ఆయన్ని నేను చూడనుకూడా లేదు, అయినా నాకు దేవుడు. ఆయన తప్పు రాయడు."

ఆవిడ నవ్వింది.

అరక్కోణంలో కాఫీకి దిగుతూ, క్యాలిక్యులేటర్ చూస్తూ ఉండమని ఆవిడకే అప్పగించాడు.

తిరిగొచ్చేసరికి ఎర్రంకెలు ఆరిపోయి ఉన్నాయి.

"ఎవరాపినారు?"

"నేనే. ఊరికే వెలగతా ఉంది, బ్యాటరీ దండగని..."

"అయ్యో! ఆపితే లోపలి ప్రోగ్రామంతా పోతుందమ్మా! పొద్దున కూర్చోని ఎక్కించినాను. నలభై తొమ్మిది మీటలు వరసగా నొక్కాల. పుస్తకం చూస్తే ఇంట్లో ఉంది. తెలీనిదాన్ని ఎందుకు ముట్టుకుంటారు?"

పెట్టెలో అందరూ తిరిగి చూశారు. ఆవిడ సంచి పక్కన పెట్టి చెయ్యి చాచింది.

"ఇట్లా ఇయ్యి."

ఇక పోయేదేముంది? ఇచ్చాడు.

కాగితం లేదు, తడుముకోవడం లేదు. పూలు కట్టినంత సులువుగా నొక్కుతూ పోయింది. ముప్పై దాటాక ఒక్క క్షణం ఆగి, మళ్ళీ సాగింది. ఏకాంబరం లెక్కపెట్టాడు. సరిగ్గా నలభై తొమ్మిది.

"మీకెట్లా వచ్చు?"

"ఒకప్పుడు చదివినాన్లే. నీ లెక్క ఏసి చూడు."

వేశాడు. నిన్నటిదాకా వచ్చిన అంకె కాదు.

"తప్పుగా నొక్కినారు," అన్నాడు నీరసంగా.

"దీన్నే పెట్టి చూడు. ఆపేముందు లోపలున్న మీటలన్నీ ఒక్కొక్కటే చూసి రాసి పెట్టుకో."

తిరువళ్ళూరులో ఏకాంబరం దిగిపోయాడు.

వేరే దారి లేక ఆ అంకెతోనే సర్క్యూట్ కట్టాడు. పదింటికి డాక్టర్ల ముందు గీత నిలకడగా నడిచింది. మేనేజర్ జగన్నాథన్ భుజం తట్టాడు.

సాయంత్రం, రాసుకున్న మీటలను పుస్తకంతో సరిచూశాడు. ముప్పై ఒకటోది ఒక్కటే వేరు.

టి.ఆర్.వి. సార్‌నే దిద్దిన మనిషి! అంతటి మనిషిని నలుగురిలో ఎంత మాట అన్నాను!

సిగ్గుతో నెల రోజులు అదే రైల్లో వెతికాడు. కనబడలేదు. చివరికి పుస్తకం మీది తిరుత్తణి అడ్రసుకే రాశాడు: "సార్, పద్నాలుగో పేజీలో ఒక తప్పుంది. రైల్లో ఒక పెద్దావిడ దిద్దినారు. అంతటివారు మీకు తెలిసే ఉంటారు. ఎవరో చెప్పగలరా?"

చాలా రోజులకు కార్డు వచ్చింది. ఇల్లు మారినట్టున్నారు, దాని మీద హుబ్లీ ముద్ర ఉంది.

"నాయనా, ఆ తప్పు రాసింది నేనే, చెబితే నువ్వు ఒప్పుకోవని క్యాలిక్యులేటర్ ఆపిందీ నేనే. ఇట్లు, టి.ఆర్. వనజాక్షి."