నీలం తాబేలు

“ఆ నీలం తాబేలా? గుర్తు లేకపోవడమేంటండీ! ఆ ప్రిస్మ్‌ని మొదటి గేమ్‌లోనే పట్టాను కదా,” అన్నాడు గౌతమ్.

నోటి దాకా వెళ్ళిన జంతిక అలేఖ్య చేతిలోనే ఆగిపోయింది.

పెళ్ళిచూపులకని బాబాయి జనార్ధనరావుతో కలిసి ఊరికి ఆ చివరనున్న ఆల్బనీ నుంచి ఈ చివర హెండర్సన్‌లోని గౌతమ్ వాళ్ళింటికి వచ్చి అరగంటయింది. పిల్లలిద్దరూ మాట్లాడుకుంటారని గౌతమ్ తండ్రి, బాబాయికి ఫీజోవా పళ్ళ చెట్టు చూపిస్తానంటూ పెరట్లోకి తీసుకెళ్ళాడు. తల్లి వేదవతి ప్లేట్లు పెట్టి వంటింట్లోకి తప్పుకుంది. ఆవిడ రెండు బొటనవేళ్ళకీ ప్లాస్టర్లున్నాయి. కూర తరుగుతుంటే ఒక వేలు తెగుతుంది గానీ రెండూ ఎలా తెగుతాయో అలేఖ్యకి అర్థం కాలేదు.

నిజానికి ఆమె మనసులో సరే అనేసుకునే వచ్చింది. దానికి కారణం అబ్బాయి ఉద్యోగమూ కాదు, ఇల్లూ కాదు. జిబ్బో. చేతిలో పట్టుకుని ఆడే గేమ్ అది. అడవుల్లో తిరుగుతూ జంతువుల్ని పట్టాలి. ఎనిమిది వేలలో ఏ ఒక్కటో వేరే రంగులో కనిపిస్తుంది. మ్యాట్రిమోనీ సైట్లో, మిగతా అబ్బాయిలకి లాగే అమ్మానాన్నలు పెట్టిన ప్రొఫైల్లో, ‘హాబీ: జిబ్బో’ అన్న ఒక్క ముక్క చూసి ఆమె మెసేజ్ పెట్టింది. రెండు నెలలు నడిచింది ఆ ముచ్చట. ఆకుపచ్చగా ఉండాల్సిన తాబేలు నీలంగా వస్తే, స్క్రీన్ పాడైందనుకుని షాపుకి పట్టుకెళ్ళానని అతను రాసిన రోజు, ఫ్లాట్‌లో ఒక్కతే కూర్చుని పడీ పడీ నవ్వింది. ఈ మనిషితో నూరేళ్ళూ ఇట్టే గడిచిపోతాయనిపించింది.

ఆ మనిషే ఇప్పుడు ‘ప్రిస్మ్’ అంటున్నాడు.

“మొదటి గేమ్ ఎప్పుడు ఆడారు?” మామూలుగానే అడిగింది.

“తొంభై తొమ్మిదిలో. ఈ దేశానికొచ్చిన కొత్తల్లో.”

“అప్పట్నుంచీ ప్రిస్మ్ అనే అనేవారా?”

“అవునండీ. స్కూల్లో అందరూ అదే అనేవాళ్ళు.”

అబద్ధం. తొంభై తొమ్మిదిలో దానికి పేరే లేదు. తయారీలో తప్పు దొర్లిందనుకుని ఆడేవాళ్ళు ‘రాంగ్ కలర్’ అనేవారు. ప్రిస్మ్ అన్నది రెండేళ్ళ కిందట, మూడో గేమ్‌లో, కంపెనీవాళ్ళు తెర మీద వేసిన పేరు. అలేఖ్య జంతికను ప్లేట్లో పెట్టేసింది.

“రెండో గేమ్‌లో చెరువుంది చూడండి, అందులో ప్రతివాళ్ళకీ తప్పకుండా ఒకటి దొరుకుతుంది. ఏంటది?”

“చెరువులోనా?” గౌతమ్ గొంతు సవరించుకున్నాడు. “చేప అండీ.”

“ఏ రంగు చేప?”

గౌతమ్ వంటింటి వైపు చూశాడు. అక్కడ గరిటేదో కిందపడ్డ చప్పుడైంది.

“బంగారు రంగు,” అలేఖ్యే చెప్పింది. “ఆ చేపని చూశాకే కదా, రంగు మారింది ఏది దొరికినా, అది ఎర్రదైనా నల్లదైనా, అందరూ గోల్డీ అనడం మొదలుపెట్టింది? ఆడినవాళ్ళని నిద్రలో లేపి అడిగినా చెప్తారు. మీరసలు ఆ గేమ్ ముట్టుకున్నారా?”

గౌతమ్ ప్లేట్లోని జంతికల్ని అటూ ఇటూ జరిపాడు.

పెరట్లోంచి బాబాయి గొంతు వినిపిస్తోంది. పెళ్ళికి హాలు ఎక్కడ దొరుకుతుందో ఆరా తీస్తున్నాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

“ఆ మెసేజ్‌లు మీరు రాయలేదు కదూ?”

“ఉద్యోగం, జీతం అంతా నిజమేనండీ,” అన్నాడు గౌతమ్ తలొంచుకుని. “మెసేజ్‌లే... నావి కావు.”

“మరెవరు రాశారు? మీ ఫ్రెండా?”

“అలాంటిదే అనుకోండి.”

“అమ్మాయా?”

“ఆడమనిషేనండీ.”

ఇన్నాళ్ళూ తనను నవ్వించింది ఇతను కాదు. ఇతని వెనక ఇంకెవరో ఉంది. ఇద్దరూ కలిసి తన మాటలు చదువుకుని ఎంత నవ్వుకున్నారో!

“ఎక్కడుంటుంది ఆవిడ?”

“ఇక్కడే అండీ.”

“ఇక్కడే అంటే? మీతోనా?”

“మరి ఎక్కడికి వెళ్తుందండీ?”

అంతే. అలేఖ్య హ్యాండ్‌బ్యాగ్ అందుకుని లేచింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. అవి అతనికి కనిపించడం ఇష్టం లేక కిటికీ వైపు తిరిగి, “బాబాయ్! కారు తియ్యండి, వెళ్దాం,” అని గట్టిగా పిలిచింది.

“ఒక్క నిమిషం, ఆంటీ కాఫీ తెస్తారేమో!” పెరట్లోంచి అరిచాడు బాబాయి.

వంటింటి తలుపు తెరుచుకుంది. వేదవతి పరుగులాంటి నడకతో వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఆవిడ చేతిలో కాఫీ లేదు. గుర్తులు అరిగిపోయిన మీటలతో పాత జిబ్బో మెషీన్ ఉంది. బొటనవేళ్ళ ప్లాస్టర్లు సరిగ్గా ఆ మీటల మీద ఆనాయి. చిన్న తెర మీద నీలం తాబేలొకటి మెల్లగా తల ఊపుతోంది.

“రాంగ్ కలర్, గోల్డీ, ప్రిస్మ్, వరసగా వారం రోజులు బట్టీ పట్టించాను, వీడి బుర్రకెక్కితేనా!” ఆవిడ మెషీన్‌ని అలేఖ్య ముందుకి చాపింది. “వాణ్ణి వద్దనుకుంటే వద్దనుకో గానీ, నాకు మాత్రం మెసేజ్‌లు మానెయ్యకమ్మా.”