రివర్స్ టెస్టు

"ఫెయిల్," అన్నాడు ఇన్‌స్పెక్టరు, పక్క సీట్లోంచి ఇంకా దిగకుండానే. "బండి రివర్స్ తీసేటప్పుడు ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూశావా తల్లీ?"

"అద్దంలో చూశాను కదా సార్," అంది బట్టలు కుట్టే ఆవిడ.

"అద్దంలో చిన్నపిల్లలు కనపడరు. వెనక్కి చూడనివాళ్ళకి ఎవరొచ్చి చెప్పినా లైసెన్సివ్వను. రోడ్డేమన్నా మీ పెరడా?"

ఫెయిలైనవాళ్ళు బతిమాలతారు. పలుకుబడి ఉన్నవాళ్ళయితే ఎవరికో ఫోను కలిపి ఆయన చేతిలో పెడతారు. ఆవిడ ఆ రెండూ చెయ్యలేదు. సంచిలోంచి ఒక జిరాక్సు కాగితం తీసి ఇచ్చింది. అది ఒక వ్యాను డ్రైవరు పాసైన టెస్టు రిపోర్టు.

"మరి ఇతను వెనక్కి చూశాడా సార్?"

కింద సంతకం ఆయనదే. తేదీ చూశాక గొంతు తగ్గింది.

"ఆ రోజు ఏజెంటు కాగితాలన్నీ కట్టగా తెచ్చాడమ్మా. నేను కుర్చీలోంచి లేవలేదు, బండీ చూడలేదు. ఎవరితను?"

"మా పాప స్కూలు వ్యాను నడిపేవాడు. గేటు దగ్గర పాపని దించి, వ్యాను వెనక్కి తీశాడు."

ఇన్‌స్పెక్టరు కాగితాన్ని ఒళ్ళో బోర్లా పెట్టుకున్నాడు.

"లైసెన్సివ్వనని మీ నోటితో వినాలనే ఇవాళ కావాలని వెనక్కి చూడలేదు," అంది ఆవిడ. "పాప రాత అంతేనన్నారు సార్ అందరూ. ఎవరూ ఆపగలిగేది కాదన్నారు. ఆ మాట పట్టుకునే మూడేళ్ళు బతికాను. ఇప్పుడు దేన్ని పట్టుకోను?"