ఎర్ర సవతి

పొద్దుగూకుతుండగా ఓస్టాప్ పశువుల కొట్టంలోకి వెళ్ళి, గోడ సాకెట్టుకి వేలాడుతున్న తీగ పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. ప్లగ్గు ఊడి కింద పడింది. చేతికున్న ఉన్ని తొడుగులు కూడా తీయలేదు. దాన్ని దూర్చాలంటే తొడుగు తీసి వట్టి చేత్తో కుస్తీ పట్టాలి గానీ, పీకడానికేముంది?

తీగ రెండో కొస కొట్టం బయట ట్రాక్టర్ ఇంజన్ హీటర్‌కి తగిలించే ఉంది. చూసినవాడెవడైనా రాత్రంతా ఇంజన్ వెచ్చగా ఉందనే అనుకుంటాడు. మైనస్ ముప్పై అయిదు డిగ్రీల చలి. హీటర్ లేకుండా ఒక్క రాత్రి వదిలేస్తే ఆ ఎర్ర ట్రాక్టర్ తెల్లారి మూలుగుతుంది తప్ప లేవదు.

పొద్దున్నే కర్టిస్ కొనడానికి వస్తాడు. తాళం తిప్పుతాడు. రాత్రంతా హీటర్ పెట్టినా లేవలేదంటే ఇంజన్ పని అయిపోయిందనుకుని, ఓ దండం పెట్టి పోతాడు. ట్రాక్టర్ మిగిలితే ఈ వసంతంలో విత్తనం పడుతుంది. విత్తనం పడ్డాక తనని పట్నంలో ఆ అగ్గిపెట్టె ఇంటికి ఎవరు లాక్కుపోతారో చూద్దాం!

“కర్టిస్ ముందు అది స్టార్టయితే అమ్మేద్దాం. ఇంక నోరెత్తను,” అని భార్య తెక్లాకి మాటిచ్చాడు కదా. మాట మాటే. అది స్టార్టవ్వాలి కదా మరి.

ఇంట్లోకొచ్చి తొడుగులు రెండూ పొయ్యి పైన ఆరేసి, హాయిగా కూర్చున్నాడు. తెక్లా బోర్ష్ సూప్ గిన్నె ముందు పెట్టింది.

“రేపు నా సవతి గడప దాటుతుందన్నమాట! నా పుట్టినరోజు ఏనాడైనా గుర్తుందా నీకు? దానికి ప్లగ్గు పెట్టడం మాత్రం చలికాలంలో ఒక్క రాత్రి మర్చిపోలేదు.”

“నీకు ప్లగ్గు లేదుగా,” అన్నాడు ఓస్టాప్.

గరిటె ఎత్తింది. ఇద్దరూ నవ్వుకున్నారు. పట్నం ఇంటికి కిటికీ తెరలు కూడా కుట్టేసుకుంది పాపం. ఒక్క క్షణం ఓస్టాప్‌కి మనసు చివుక్కుమంది. సూప్ తాగేశాడు.

తిన్నాక తొడుగులేసుకుని మళ్ళీ కొట్టానికి వెళ్ళాడు. ఆవు నేడో రేపో ఈనేలా ఉంది. పొదుగు తడిమి, గడ్డి వేసి, తూర్పు చేలో ఈసారి బార్లీ చల్లాలా ఆవాలు చల్లాలా అని లెక్కలేసుకుంటూ వచ్చి పడుకున్నాడు. చాన్నాళ్ళకి కమ్మగా నిద్ర పట్టింది.

పొద్దున్న కుడిచేతి తొడుగు కనబడలేదు.

“ఆవు దగ్గర తీశాను. గడ్డిలో పడుంటుంది,” అన్నాడు.

“ఏదో ఒకరోజు తలకాయ కూడా అక్కడే పారేసుకొస్తావు,” అంది తెక్లా.

అంతలోనే కర్టిస్ ట్రైలర్ వేసుకుని దిగాడు.

“రాత్రంతా హీటర్ పెట్టావుగా బాబాయ్?”

“చూస్తున్నావుగా తీగ,” అన్నాడు ఓస్టాప్, కుడిచెయ్యి జేబులో దాచుకుని. మొహం ఎంత దిగులుగా పెట్టాలో అంత దిగులుగానూ పెట్టాడు.

కర్టిస్ పైకెక్కి తాళం తిప్పాడు.

ఒక్క తిప్పుకే ఇంజన్ గుర్రుమంది. గొట్టంలోంచి నల్లగా ఓ పొగ వదిలి, మరుక్షణం పడుచుపిల్లలా గలగలమంది.

ఓస్టాప్ గిరుక్కున తిరిగాడు. ఇంటివైపు చూశాడు. కిటికీలోంచి తెక్లా చూస్తోంది. చెయ్యి కూడా ఊపింది.

ఓహో! కనిపెట్టేసిందన్నమాట. ఒక్క మాట అనకుండా, నవ్వుతూ గిన్నె ముందు పెట్టి, తను నిద్రపోయాక వెళ్ళి ప్లగ్గు పెట్టొచ్చిందన్నమాట. ఇన్నేళ్ళు కాపురం చేసింది ఈ మనిషితోనా?

కర్టిస్ చెయ్యి కలిపాడు, ట్రాక్టర్‌ని ట్రైలర్ మీదికెక్కించుకుని వెళ్ళిపోయాడు. మలుపు తిరిగేదాకా ఆ ఎరుపు కనబడుతూనే ఉంది.

ఓస్టాప్ లోపలికొచ్చి బూట్లు కూడా విప్పలేదు.

“తృప్తిగా ఉందా?”

“అదేం మాట?”

“ప్లగ్గు పెట్టింది నువ్వే.”

“నేనా? ఈ చలిలో నేను గడప దాటి ఎన్నాళ్ళయింది? అయినా ప్లగ్గు రోజూ నువ్వే కదా పెట్టేది?”

“నేను పీకేశాను!”

అనేశాక గానీ ఏమన్నాడో తెలిసిరాలేదు. తెక్లా చేతిలో తువ్వాలు అలాగే ఉండిపోయింది.

“పీకేశావా?” అంది మెల్లగా. “స్టార్టయితే అమ్మేద్దామని నాకు మాటిచ్చి, వెళ్ళి పీకేశావా?”

“నువ్వు మాత్రం? దొంగచాటుగా వెళ్ళి...”

“వెళ్ళలేదంటున్నాను కదా!” తెక్లా తువ్వాలు బల్ల మీదికి విసిరింది. “నాకు ఇక్కడే ఉండాలనుంది తెక్లా అని ఒక్కసారి నోటితో అంటే, కర్టిస్‌కి నేనే ఫోన్ చేసి రావద్దనేదాన్ని. ఆ ఒక్క మాట చెప్పడానికి నేను పనికిరాలేదా నీకు? ట్రాక్టర్ చేత అబద్ధం చెప్పించాలనుకున్నావా?”

గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

ఎంత నాటకం! తప్పు తనది పెట్టుకుని ఏడుపొకటి. ఓస్టాప్ పళ్ళు కొరుక్కుంటూ కొట్టానికి వెళ్ళాడు. ఆవుకి మేత వేశాడు. గడ్డంతా కెలికాడు. తొడుగు లేదు.

పోతే పోయింది, ట్రాక్టరే పోయాక తొడుగెందుకని తలుపువైపు నడిచాడు. దారిలో గోడ సాకెట్టు. ప్లగ్గు దానిలో ఆ చివరిదాకా బిగించి ఉంది. చూడు, ఎంత కసిగా దూర్చిందో మహాతల్లి అనుకుంటూ తలెత్తాడు.

సాకెట్టు పెట్టె మీద, ప్లగ్గు దూర్చే ముందు రోజూ తీసిపెట్టే చోటే, తన కుడిచేతి తొడుగు చలికి బిర్రబిగిసి కూర్చుని ఉంది.